మాస్టారికి ఎంచిన సీసా

భానోజీకి వాసన పోయింది.

జలుబు చేసి ముక్కు మూసుకుపోవడం కాదు. ముక్కు నిక్షేపంగా ఉంది, గాలి హాయిగా ఆడుతోంది. వానల మొదట్లో ఒక జ్వరం వచ్చి వారం రోజులు మంచానికి అంటించింది. తగ్గి లేచాక భార్య కాఫీ ఇస్తే వేడినీళ్లు తాగినట్టుంది. పొడి వెయ్యడం మరిచిపోయావా అని అడిగాడు. ఆవిడ గ్లాసు తీసుకుని వాసన చూసి, అతని మొహంలోకి అదోలా చూసింది. అతనికి అప్పుడు తెలిసింది.

డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూశాడు. లోపల అంతా బాగానే ఉంది, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. డాక్టర్లు అంత నిజం చెప్పడం అరుదు, చెప్పినప్పుడు మాత్రం వినబుద్ధి కాదు.

వాసన పోయినందువల్ల చాలామందికి కొంప మునిగేదేమీ ఉండదు. మురిక్కాలవ పక్కన ఇల్లున్నవాడైతే పోనీలే అనుకుంటాడు కూడా. భానోజీకి అలా అనుకునే వీల్లేదు, అతనికి అన్నం పెట్టేది ఆ ముక్కే. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటలు, ఆ హోటలు పై అంతస్తులో రెస్టారెంటు. అక్కడికి భోజనానికి వచ్చినవాళ్లకు, వాళ్లు తినేదాన్ని బట్టి, ఏ వైన్ తాగితే బాగుంటుందో ఎంచి పెట్టడం అతని ఉద్యోగం. దానికి ఫ్రెంచిలో నోరు తిరగని పేరొకటుంది. వంటింట్లో వాళ్లు 'వైన్ సార్' అనేవారు. అతని మామగారు మాత్రం మా అల్లుడు హోటల్ మేనేజరని ఊరంతా చెప్పుకునేవాడు. సీసాల దగ్గర పని అంటే బంధువులు ఇంకేదో దుకాణం అనుకుంటారని ఆయన భయం ఆయనది.

ఈ విద్య అతనికి రాయప్ప మాస్టారు పెట్టిన భిక్ష. మాస్టారిది యానాం. కుర్రతనంలో పుదుచ్చేరి వెళ్లి ఒక ఫ్రెంచి దొర ఇంట్లో వడ్డన పనికి కుదిరి, ఆ ఇంటి నేలమాళిగలో సీసాల మధ్య పెరిగి, తర్వాత ఎన్నో హోటళ్లు తిరిగి చివరికి ఈ ఊళ్లో, భానోజీ పనిచేసే ఈ హోటల్లోనే తేలాడు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం మానేశాక జ్ఞానాపురంలో, చర్చి వెనక సందులో, జోజి అనే మేనల్లుడి దగ్గర ఉంటున్నాడు.

నేర్పేటప్పుడు ఆయన పాఠం చెప్పింది తక్కువ. భానోజీ మొదటిరోజు కొత్త నోటుపుస్తకం కొనుక్కుని వెళితే, దాన్ని పక్కన పెట్టించి, మర్నాడు తెల్లారకుండా పూర్ణా మార్కెట్ దగ్గరికి రమ్మన్నాడు. కండువాతో కళ్లకు గంతలు కట్టి, చెయ్యి పట్టుకుని మార్కెట్ అంతా తిప్పాడు. ఎక్కడున్నావు అని తప్ప ఇంకేమీ అడగలేదు. పసుపు కొట్ల దగ్గర, తమలపాకుల బుట్టల దగ్గర, ఎండుచేపల వరసలో, కొబ్బరికాయలు కొట్టిన నీళ్లు నిలిచిన చోట. కూలీలు చూసి ఎవరో గుడ్డివాణ్ణి నడిపిస్తున్నాడు పాపం అనుకున్నారు. చాలాకాలం భానోజీ చదువు అదే. సీసా చేతికివ్వడానికి మాస్టారికి ఏడాది పట్టింది.

తర్వాత భానోజీ ముక్కుకి పేరొచ్చింది. ఒక్క పీల్పుతో ఏ దేశపు ద్రాక్షో చెప్పేవాడు, పొరపాటు తక్కువ. హోటలు యజమానులు తమ చుట్టాలను తీసుకొచ్చి, గారడీవాణ్ణి చూపించినట్టు అతన్ని చూపించేవారు. భానోజీ అది ఇష్టంగానే చేసేవాడు. కాస్త ఎక్కువ ఇష్టంగానే అనాలి. మాస్టారు ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు, వద్దని కూడా అనలేదు. ఆ మెచ్చుకోలు కోసం భానోజీ ఏళ్ల తరబడి ఎదురుచూశాడు, అదొక్కటీ దొరకలేదన్న కొరత అతనికి ఉండేది.

అలాంటివాడికి వాసన పోయింది. ఎవరికీ చెప్పలేదు. భార్యకు తెలుసు, ఆవిడతో ఒట్టు వేయించుకున్నాడు. హోటల్లో చెబితే జాలిపడతారు, ఆ జాలితోనే తీసుకెళ్లి కింద రిసెప్షన్లో కూర్చోబెడతారు. గారడీ చూడ్డానికొచ్చినవాళ్లే అయ్యో అంటూ చూసిపోతారు. ఆ ఊహకే అతనికి ఒళ్లు చచ్చిపోయేది. మాస్టారికీ చెప్పలేదు. ఆదివారాలు జ్ఞానాపురం వెళ్లి ఆయన దగ్గర కూర్చునే అలవాటు మానేసి, పని ఎక్కువగా ఉందని కబురు పంపడం మొదలుపెట్టాడు.

పని ఎలా నడిపాడంటే, జ్ఞాపకం మీద. సీసాలన్నీ అతను ఎంచి తెప్పించినవే. ఏది ఎలా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇక మూత తీసిన సీసా బాగుందో లేదో చూడ్డం ఒకటి మిగిలింది. ఆ రెస్టారెంటులో పద్ధతి ఏమిటంటే, సీసా ఎవరు తెరిస్తే వాళ్లే ముందు వాసన చూడాలి, ఆ తర్వాతే టేబులు దగ్గరికి తీసుకెళ్లాలి. భానోజీ తన దగ్గర పని నేర్చుకుంటున్న కరుణకు ఆ పని అప్పగించాడు. కరుణ అనకాపల్లి పిల్ల, చురుకైనది. నేర్చుకో, ఇక అన్నీ నువ్వే తెరువు అన్నాడు. సార్ తనమీద ఎంత నమ్మకం పెట్టారో అని ఆ పిల్ల పొంగిపోయింది. ఆ పొంగు చూసినప్పుడల్లా భానోజీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

వారంలో దొరికిపోతాననుకున్నాడు. దొరకలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఎవరూ కనిపెట్టలేదు సరికదా, వైన్ సార్ ఇప్పుడు ఇంకా బాగా చెబుతున్నారని పేరొచ్చింది. వాసన తెలిసిన రోజుల్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు. ఇప్పుడు లేని వాసనను తలుచుకుని తలుచుకుని చెప్పేవాడు కాబట్టి మాటలు ఎక్కువయ్యాయి, అందం కూడా ఎక్కువైంది.

ఒకరోజు ఓడల కాంట్రాక్టరు ఒకాయన కాబోయే వియ్యంకులను భోజనానికి తీసుకొచ్చాడు. భానోజీ ఒక సీసా ఎంచి, దాని గురించి చెప్పి, రివాజు ప్రకారం ఆయన గ్లాసులో కొద్దిగా పోశాడు. ఆర్డరు ఇచ్చినవాడు ఆ కాస్తా రుచి చూసి, బాగుందని తల ఊపాక మిగిలినవాళ్లకు పోయడం మర్యాద. బాగోలేకపోతే వెనక్కి పంపే హక్కు ఆయనకుంది. ఆ పెద్దమనిషి గ్లాసు పెదాలకు తగలకముందే అద్భుతం అన్నాడు. వియ్యంకులందరూ అవునవును అన్నారు, వాళ్ల గ్లాసుల్లో ఇంకా ఏమీ పోయనే లేదు.

భానోజీ నవ్వుతూ వంగి నమస్కారం పెట్టి, తిన్నగా సీసాలు దాచే చల్లటి గదిలోకి వెళ్లి నేల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లు ఈ ముక్కును పట్టుకుని దేన్ని పూజించినట్టు? అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అయితే, మాస్టారు గంతలు కట్టి తిప్పింది ఎవరికోసం? వాసన పోవడం ఒక దుఃఖం. దానివల్ల ఎవరికీ ఏ లోటూ రాలేదని తెలియడం అంతకన్నా పెద్ద దుఃఖం. ఆరోజు అతనికి బతుకు మీద రోత పుట్టింది. ఇంటికి వెళ్లి నిద్రపోతున్న కూతురి తలలో మొహం పెట్టుకున్నాడు. కుంకుడుకాయ వాసన, చెమట వాసన, అవి ఉంటాయని తెలుసు. ఏవీ లేవు. పిల్ల జుట్టు చెంపకు మెత్తగా తగిలింది, అంతే.

అలాంటి రోజుల్లో జోజి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

మాస్టారి నాలుక మొదట్లో పుండు. ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదు, చర్చికి వెళ్లినా ప్రసాదం మింగలేకపోతుంటే జోజి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నాలుక చాలాభాగం తీసెయ్యాలన్నారు. తర్వాత తిండి గొట్టంతోనే, మాట వస్తుందో రాదో. గురువారం రాత్రి ఎనిమిదికల్లా ఆస్పత్రిలో చేర్చాలి. చేరాక వాళ్లు పెట్టిందే తప్ప బయటిది గుక్కెడు కూడా నోట్లోకి పోకూడదు.

ఇంతా చెప్పి జోజి ఫోను మామయ్యకిచ్చాడు. భానోజీ ఏడుపు గొంతుతో ఏదో అనబోయాడు. మాస్టారు వినిపించుకోలేదు. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టున్నాయి ఆయన మాటలు.

"చేరేముందు మన దగ్గర భోంచేస్తాను. వైన్ నువ్వు ఎంచు."

భానోజీ ఫోను పెట్టేశాడు. మాస్టారు ఈ జన్మకు రుచి చూసే చివరి సీసా. దాన్ని ఎంచాల్సింది తను.

చెప్పెయ్యాలనుకున్నాడు. ఆ సాయంత్రమే బయల్దేరి జ్ఞానాపురం వెళ్లాడు. చర్చి దాకా వెళ్లాడు, సందు మొదట్లో నిలబడ్డాడు, మాస్టారి ఇంటి కిటికీలో దీపం చూశాడు, వెనక్కి వచ్చేశాడు. నాలుక పోగొట్టుకోబోతున్న మనిషి ముందుకెళ్లి నా ముక్కు పోయింది మాస్టారూ అని ఏడవడమా? పాపం ముసలాయన, తన కష్టంలో తానున్నాడు, నా కష్టం కూడా ఆయన నెత్తిన పెట్టడమా? ఇది తనమీద జాలి కాదు, ఆయన మీద దయ అని భానోజీ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మనకు మనం చెప్పుకునేటప్పుడు ఎదురు ప్రశ్న వేసేవాడు ఉండడు కాబట్టి, బస్సు దిగేసరికి అది నిజమేననిపించింది.

సీసా మాత్రం మనసు పెట్టి ఎంచాడు. చల్లగదిలో వెనక వరసలో ఫ్రాన్సులోని బర్గండీ నుంచి వచ్చిన ఎర్ర వైన్ సీసాలు రెండున్నాయి. మాస్టారు ఉద్యోగంలో ఉండగా తెప్పించి, ఇవి ఇంకా పండాలి, ముట్టుకోవద్దు అని పక్కన పెట్టినవి. అప్పట్లో మూడుండేవి, ఆయన ఉద్యోగం మానేసే రోజున ఒకటి ఇద్దరూ పంచుకున్నారు. మిగిలినవి ఈ రెండే. ఆ వాసన భానోజీకి ఇప్పటికీ తలపులో ఉంది. ఇంతకన్నా సరైనది ఇంకోటి లేదు.

గురువారం పొద్దువాలే వేళకు జోజి మాస్టారిని తీసుకొచ్చాడు. ఆయన చిక్కిపోయాడు. తెల్లచొక్కా ఒంటి మీద వేలాడుతోంది, దవడ కింద వాపు కనిపిస్తోంది. చేతిలో ఆస్పత్రి సంచి ఉంది. దాన్ని కుర్చీ కింద పెట్టుకుని, సముద్రం కనిపించే వైపు కూర్చున్నాడు. జోజిని కిందకి వెళ్లి కారు దగ్గర ఉండమని సైగ చేశాడు. భానోజీని ఎదురు కుర్చీలో కూర్చోమన్నాడు. ఇన్నేళ్లుగా టేబుళ్ల పక్కన నిలబడటమే గాని అక్కడ కూర్చోవడం భానోజీకి ఎరగని పని, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

వంటాయన మాస్టారి కోసం బాతు మాంసాన్ని నమలక్కర్లేనంత మెత్తగా ఉడికించి పంపాడు. కరుణ సీసా తెచ్చింది. ఆ పిల్ల మాస్టారి గురించి వినడమే గాని చూడ్డం అదే మొదటిసారి. చేతులు కడుక్కుని, కొత్త తెల్లగుడ్డ మడత పెట్టి ముంజేతి మీద వేసుకుని, పూజకొచ్చినట్టు నిలబడింది. ఎక్కడా చప్పుడు లేకుండా మూత తీసింది. మాస్టారు ఆ చేతులకేసి చూసి తల ఆడించాడు. కరుణ మొహం వెలిగిపోయింది.

ఆమె మాస్టారి గ్లాసు వైపు సీసా వంచబోయింది. ఆయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, భానోజీ వైపు చూపించాడు. ఎంచింది అతను, చూడాల్సిందీ అతనే.

"మీరు చూడండి మాస్టారూ," అన్నాడు భానోజీ.

మాస్టారు చెయ్యి తియ్యలేదు.

కరుణ అతని గ్లాసులో కొద్దిగా పోసింది. భానోజీ గ్లాసును తిప్పాడు, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఊపిరి బలంగా పీల్చాడు. చల్లటి గాలి లోపలికి వెళ్లింది. ఇంకేమీ వెళ్లలేదు. నోట్లో వేసుకున్నాడు. నాలుక మీద పులుపు, కాస్త వగరు, ఈ నాలుగు నెలలుగా అన్ని సీసాలదీ ఒకటే రుచి. తల ఎత్తాడు. మాస్టారు అతన్నే చూస్తున్నాడు. ఆ కళ్లలో అడుగుతున్నదేమీ లేదు, ఊరికే కనిపెట్టుకుని ఉన్నాయి.

అప్పుడు చెప్పొచ్చు. నాకు తెలియడం లేదు అన్న ఒక్క ముక్క. కరుణ నిలబడి ఉంది, పక్క టేబులు వాళ్లు ఇటే చూస్తున్నారు. భానోజీ తల ఊపాడు.

"బాగుంది," అన్నాడు.

కరుణ ఇద్దరికీ పోసింది. మాస్టారు గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పట్టుకున్నాడు. అలా చాలాసేపు ఉన్నాడు. తర్వాత ఒక గుక్క తీసుకుని, మింగకుండా నోట్లో నిలుపుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి. పుండు మీద మంట పుట్టిందేమోనని భానోజీ కంగారుపడ్డాడు. తర్వాత, కాదు, ఇన్నాళ్లకు తను ఎంచిన సీసా ఆయన గుండెను తాకిందని అనుకున్నాడు. అనుకోగానే సిగ్గు, దాని పక్కనే ఏళ్లనాటి పాత ఆశ కూడా.

మాస్టారు మింగాడు. నెమ్మదిగా రెండు ముద్దలు తిన్నాడు. మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

"ఎలా ఉందో చెప్పు," అన్నాడు. "నాకు మాట కష్టం."

భానోజీ చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు? మొదట నేరేడుపళ్లు అన్నాడు, చెట్టు కింద రాలి ఎండకు కాస్త చిట్లినవి. దాని వెనక గులాబీ, తాజాది కాదు, పుస్తకంలో పెట్టి మరిచిపోయింది. తొలకరి పడ్డ తోట. పొగాకు కట్టను నీళ్లు చల్లి విప్పినప్పటి వాసన. ఆ చివర ఎక్కడో గంధపు చెక్క. అన్నీ నిజమే, ఒకప్పటి నిజం. ఈ ఇద్దరూ కలిసి తాగిన ఆ పాత సీసాలో ఉన్నవే. చెబుతుంటే తను పోగొట్టుకున్నవన్నీ వరసగా పేరుపెట్టి పిలుస్తున్నట్టుంది అతనికి. మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్కో మాటకు ఒక్కో గుక్క తాగాడు. మధ్యలో ఆగితే చెప్పమన్నట్టు వేళ్లు ఆడించాడు.

కరుణ వచ్చి మళ్లీ పోయబోతే మాస్టారు వద్దనలేదు. సముద్రం మీద వెలుతురు తగ్గిపోయింది, రేవు వైపు ఓడల దీపాలు వెలిగాయి. ఆయన భానోజీ కూతురి చదువు గురించి అడిగాడు, ఆదివారాలు ఎందుకు రావడంలేదని మాత్రం అడగలేదు. గ్లాసు అడుగున చుక్క మిగలకుండా తాగి, రుమాలుతో మూతి అద్దుకుని, సంచి తీసుకుని లేచాడు. భానోజీ లిఫ్టు దాకా వెళ్లబోతే కూర్చో అని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. వెళ్తూ కరుణ దగ్గర ఆగి చేతులు జోడించాడు. ఆ పిల్ల బిత్తరపోయి వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

భానోజీ అక్కడే కూర్చున్నాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకోవాల్సినవాడు ఊపిరాడనట్టు కూర్చున్నాడు.

కరుణ టేబులు సర్దడానికి వచ్చింది. పళ్లాలు తీసింది. మాస్టారి గ్లాసు తీసి, మాటవరసకు, పని నేర్చుకునేవాళ్ల అలవాటు కొద్దీ, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం మారిపోయింది. గ్లాసు దించి, సీసాలో అడుగున మిగిలినదాన్ని వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఏటయింది?" అన్నాడు భానోజీ.

కరుణ సీసా అతనికి అందించబోయి, మళ్లీ తన దగ్గరే పెట్టుకుంది. ముక్కిన వాసన వస్తోంది సార్ అంది, వినపడీ వినపడనట్టు. తడిసి ఆరని గోనెసంచిలా ఉంది అంది. వైన్ సీసాకు పెట్టే బెండు మూతలో ఒక్కోసారి దోషం ఉంటుంది. ఆ దోషం లోపలి వైన్ని చంపేస్తుంది, పళ్లూ పూలూ ఏవీ మిగలనివ్వదు. రంగు మారదు, నాలుకకు కూడా వెంటనే అందదు. కనిపెట్టేది ముక్కే.

"తెరవగానే చూడలేదా?"

కరుణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మా ఇంట్లో దేవుడికి పెట్టే పువ్వులు వాసన చూడనివ్వరు సార్. మీ మాస్టారి కోసం మీరు ఎంచినది. మీకన్నా ముందు నేను ముక్కు పెట్టడం బాగోదనిపించింది. ఎలాగూ మీరు చూస్తారు కదా అనీసి..."

ఆమెను అనడానికి భానోజీకి ఏం నోరుంది? చల్లగదిలో వెనక వరసలో రెండో సీసా అలాగే ఉందని గుర్తొచ్చింది. పది అడుగుల దూరంలో ఉంది. కుర్చీ పడిపోయేలా లేచి లిఫ్టు కోసం చూడకుండా మెట్ల మీంచి పరుగెత్తాడు.

మాస్టారు కింద వాకిట్లో నిలబడి ఉన్నాడు. జోజి కారు తెచ్చి ఆపి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. పద మామయ్యా, ఎనిమిది కావస్తోంది, వాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశారు అంటున్నాడు. మాస్టారు భానోజీని చూసి ఆగాడు.

"మాస్టారూ, ఆ సీసా పాడైపోయింది."

మాస్టారు తల ఊపాడు.

"మీకు తెలుసా?"

మళ్లీ ఊపాడు.

భానోజీ కారు తలుపు పట్టుకున్నాడు. నాకు వాసన రాదు మాస్టారూ, జ్వరం వచ్చినప్పట్నుంచి నాకే వాసనా రాదు అన్నాడు. నెలల తరబడి గుండెల మీద మోసిన మాట అంత చిన్నదా అనిపించేలా బయటికొచ్చేసింది. జోజి తెల్లబోయి చూశాడు. మాస్టారు చూడ్డంలో మాత్రం మార్పేమీ లేదు. చెయ్యి చాచి, చెమట పట్టిన భానోజీ నుదుటిని తన రుమాలుతో తుడిచాడు, జ్వరం చూసినట్టు.

ఆ చెయ్యి తగిలేసరికి భానోజీకి ఏడుపు ఆగలేదు.

"లోపల ఇంకో సీసా ఉంది మాస్టారూ. మంచిది. ఒక్క మాట అంటే తెచ్చేవాళ్లం. గ్లాసు పక్కన పెట్టేస్తే చాలు. ఇక జన్మలో తాగలేరు మీరు. తెలిసి తెలిసి అదంతా ఎందుకు తాగారు?"

నోట్లో ఊరిన నీళ్లు మింగడానికి మాస్టారికి కాసేపు పట్టింది, మింగుతుంటే మొహం నొప్పితో ముడుచుకుంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అడిగినదానికి ఉన్న జవాబు చెప్పాడంతే.

"నువ్వు బాగుందన్నావు."

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని కారెక్కాడు. జోజి తలుపు వేశాడు.